పరదేశమున దేవతాదర్శనము

దేవాలయమునకు పోయి వచ్చినవానిని మన పెద్దలు "గుడి చూచి వచ్చితివా?" అని అడుగరు. "స్వామిని సేవించితివా? దర్శనమైనదా?" అని అడుగుదురు. ఈ రెండు ప్రశ్నలకును గల భేదము స్వల్పమైనది కాదు. చూచుటకు కన్నులు చాలును. దర్శనమునకు కన్నులతోపాటు వంగిన శిరస్సును, వేచియుండు మనస్సును కావలెను. చూచువాడు తాను చూచితినని తృప్తిపడును; దర్శనము చేయువాడు స్వామి తనను చూచినాడని తృప్తిపడును. అందుచేతనే గర్భాలయము ఎదుట తీరా హారతి వెలిగినవేళ కన్నులు మూసికొని నిలిచిన భక్తుని ఎవరును పరిహసింపరు.

ఈ భేదము నేడు తెలుగు గృహములలో క్రొత్త రూపమున తలయెత్తుచున్నది. అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా మొదలగు దేశములకు చదువుల కొరకు పోయిన పిల్లలు సెలవు దినములలో అచ్చటి ప్రసిద్ధ స్థలములకు పోవుదురు. వానిలో చాలభాగము క్రైస్తవుల చర్చిలు, మహమ్మదీయుల మసీదులు, యూదుల ప్రార్థనామందిరములు, బౌద్ధుల విహారములు. అచ్చట తీసికొనిన ఛాయాచిత్రములు ఇంటికి వచ్చును. తల్లి చూచి మురిసిపోవును. తాతగారు మాత్రము "వీడు లోపలికి పోయి ఏమి చేసినాడు? చేతులు జోడించినాడా? జోడింపవచ్చునా?" అని సందేహపడును. "అవి వట్టి కట్టడములు నాన్నగారూ, వేడుకకు చూచి వచ్చినాడు, అంతే" అని తండ్రి సమాధానము చెప్పును. తాతగారి సందేహము కంటె తండ్రి చెప్పిన సమాధానమే ఎక్కువ విచారింపదగినది. పరుల దేవుని ఇంటిని వట్టి కట్టడముగా చూడనేర్చిన పిల్లవాడు తిరిగివచ్చిన పిదప తన ఊరి గుడిని మాత్రము మరియొక విధముగా చూచుననుటకు ఆధారమేమి?

ఇందుకు బదులుగా శాస్త్రవాక్యములను ప్రోగుచేయుట కంటె ఒక విద్యార్థి అనుభవమును స్మరించుట మేలు. 1888వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన బొంబాయి రేవులో ఓడనెక్కి, న్యాయశాస్త్రము చదువుటకై లండనుకు బయలుదేరిన మోహనదాసు కరంచంద్ గాంధీ అప్పటికి పందొమ్మిదేండ్లు నిండని యువకుడు. తరువాతి కాలమున ఆయన మహాత్ముడైనాడు గనుక ఆనాటి పిల్లవానిని కూడ మహాత్మునిగానే తలచుట లోకమునకు అలవాటైనది. అది పొరపాటు. 1925 మొదలు 1929 వరకు 'నవజీవన్' పత్రికలో వారము వారము వెలువడిన ఆత్మకథలో ఆ పిల్లవానిని ఆయన ఉన్నవానిని ఉన్నట్లే చూపినాడు. సిగ్గరి, పదిమందిలో నోరు మెదపలేనివాడు, సంస్కృతము కష్టమని తోచి ఒకనాడు పారసీక భాషా తరగతిలో పోయి కూర్చున్నవాడు. సంస్కృతోపాధ్యాయుడు కృష్ణశంకర పాండ్యా నొచ్చుకొని, వైష్ణవుని కుమారుడవై యుండి నీ మతమునకు చెందిన భాషను విడిచిపెట్టుదువా అని అడిగి, కష్టమైనచోట తాను చెప్పెదనని వెనుకకు పిలిచినాడు. ఆ పిలుపు లేకున్నచో తనకు మన గ్రంథములయందు అభిరుచి కలిగెడిది కాదని శిష్యుడు వ్రాసికొన్నాడు. జీతమునకు పాఠము చెప్పువారెందరో కలరు. పోవుచున్న పిల్లవానిని వెనుకకు పిలుచువారు కొందరే.

ఆ ఇంటి మతము వైష్ణవము. తల్లి పుత్లీబాయి దేవాలయమునకు పోనిదే, ప్రార్థన చేయనిదే అన్నము ముట్టని సాధ్వి. వైష్ణవుల మందిరమును ఆ ప్రాంతమున 'హవేలీ' అందురు. పిల్లవాడు తరచుగా అచ్చటికి పోయెడివాడు. కాని అచ్చటి తళుకును ఆడంబరమును వానికి నచ్చలేదు. అక్కడ తనకేమియు లభింపలేదని ఆయన స్పష్టముగా వ్రాసినాడు. ఆస్తికుల చెవికి ఈ మాట కటువుగా తోచును గాని దాచిపెట్టదగినది కాదు. హవేలీలో దొరకనిది ఇంటి దాసి రంభ వలన దొరికినది: చీకటిలో భూతములకు జడిసిన పిల్లవానికి ఆమె రామనామము నేర్పినది. వ్యాధిగ్రస్తుడైయుండిన తండ్రి ఎదుట బిలేశ్వరమునకు చెందిన లాధా మహారాజు రాత్రివేళ రామాయణమును గానము చేయుచుండగా, పదమూడేండ్ల మోహనదాసు మైమరచి వినెడివాడు. తండ్రికి జైనసాధువులు, మహమ్మదీయులు, పారసీకులు స్నేహితులు. వారు వచ్చి తమ తమ మతములను గూర్చి ముచ్చటించుచుండగా, శుశ్రూష చేయుచు ప్రక్కన కూర్చున్న పిల్లవాడు అవియన్నియు వినుచుండెడివాడు.

ఇట్లు అన్ని మతములయందును వానికి ఆదరము కలిగినది, ఒక్క క్రైస్తవముపై తప్ప. రాజకోట పాఠశాల సమీపమున వీధిమలుపులో క్రైస్తవ ప్రచారకులు నిలిచి హిందూ దేవతలను నిందించుచుండిరి. ఒక్కమారు నిలిచి విన్నందులకే వానికి రోత కలిగినది. మతము మారిన ఒక హిందువు గోమాంసము తినవలసి వచ్చినదనియు, మద్యము త్రాగవలసి వచ్చినదనియు, తన పూర్వుల మతమును నిందింప మొదలిడెననియు ఊరిలో చెప్పుకొనగా విని, అట్టిది మతమెట్లగునని ఆ బాలుడు మనస్సులోనే త్రోసిపుచ్చెను. నింద చేత ఒక మతము ఎవరిని గెలుచుకొనగలదో గాని, ఆ వీధిమలుపులో మాత్రము ఒక మహానుభావుని చాల సంవత్సరములు దూరము చేసికొన్నది.

ఇట్టివాడు విదేశమునకు పోవుచున్నాడు. తల్లి ఒప్పుకొనలేదు. అక్కడికి పోయిన యువకులు చెడిపోవుదురని ఆమె వినియున్నది. మోఢ వణిక్కులలో పుట్టి జైనసాధువైన బేచర్‌జీ స్వామి ఆ కుటుంబమునకు ఆప్తుడు. ఆయన సమక్షమున మోహనదాసు మద్యమును, మాంసమును, పరస్త్రీని స్పృశింపనని ప్రతిజ్ఞ చేసిన పిదపనే తల్లి అనుమతి ఇచ్చినది. ఇచ్చట ఒక విశేషమును గమనింపవలెను. వైష్ణవ గృహిణి తన కుమారుని శీలమును జైనసాధువు చేతికి అప్పగించినది. అందువలన ఆమె వైష్ణవత్వమునకు లోటు రాలేదు. కులపెద్దలు మాత్రము బొంబాయిలో సభచేసి ఆ యువకుని వెలివేసిరి. వాని ప్రయాణమునకు సాయపడినవారికి, రేవునకు పోయి సాగనంపినవారికి రూపాయి నాలుగణాలు జరిమానా విధించిరి. నేడు పిల్లలను విదేశములకు పంపునప్పుడు ఆవకాయ సీసాలు, పొడుల పొట్లాలు మరువకుండ సర్దుదుము. మాట తీసికొని పంపువారు అరుదు.

మార్గమధ్యమున ఓడ మాల్టా ద్వీపమున ఆగెను. తోడి ప్రయాణికునితో కలిసి ఆయన అచ్చటి పురాతనమైన చర్చిని చూచి దినచర్య పుస్తకమున వ్రాసికొన్నాడు. అది చూచుటయే. కట్టడము అందముగా నున్నదని తలచుటయే గాని మనస్సు కదిలినట్లు ఆ వ్రాతలో కనబడదు. లండను చేరిన పిదప కొంతకాలము దొరలవలె దుస్తులు ధరించుటకు, నృత్యము, ఫిడేలు నేర్చుకొనుటకు డబ్బు వెచ్చించెను. ఆ వ్యామోహము మూడు మాసములలో వదలినది.

తరువాత పారిస్ నగరమునకు పోయెను. అచ్చట జరిగిన గొప్ప వస్తుప్రదర్శనమును చూచుట ఆయన ఉద్దేశము. ఆత్మకథలో 1890 అని జ్ఞాపకము మీద వ్రాసినాడు గాని ఆ ప్రదర్శనము జరిగినది 1889వ సంవత్సరమున. చేతిలో నగరపు పటమొకటి, ప్రదర్శనపు పుస్తకమొకటి, శాకాహారము దొరకు భోజనశాలకు సమీపమున ఒక గది, ఏడు దినముల బస. ఆ సంవత్సరమే క్రొత్తగా నిలిపిన మూడువందల మీటర్ల ఐఫెల్ గోపురమును రెండు మూడు మారులు ఎక్కెను. ఇంత ఎత్తున భోజనము చేసితినని చెప్పుకొనుటకై దాని మీది భోజనశాలలో ఏడు షిల్లింగులు పారవేసితినని ఆయనయే నవ్వుకొన్నాడు. ఆ గోపురము మనుష్యుని తెలివికి గాక తెలివితక్కువకు గుర్తని టాల్‌స్టాయ్ అన్న మాటను తలచుకొని, అందు కళ ఏమియు లేదని తేల్చివేసినాడు.

కాని ఆ నగరమున ఆయన మనస్సున నిలిచిపోయినది గోపురము కాదు, పురాతనములైన దేవాలయములు. వానిలో ముఖ్యమైనది నోత్రదామ్. 1163వ సంవత్సరమున పునాది వేయగా రెండు శతాబ్దముల పాటు కట్టుచు వచ్చిన ఆలయమది. మరియమాతకు అంకితమైనది. (2019 ఏప్రిల్ 15వ తేదీన అగ్నిప్రమాదమున దాని పైకప్పు కాలిపోగా, మరల నిర్మించి 2024 డిసెంబరులో తెరచిరి.) వీధులలో పారిస్ నగరపు విలాసమంతయు పొరలిపోవుచుండెను. గడప దాటి లోనికి పోగానే ఆ సందడి అణగిపోయెడిది. వీధిలో ఒకతీరుగా నడచిన మనుష్యుడే లోపల మరియొక తీరుగా నడచును. మరియమాత విగ్రహము ఎదుట మోకరిల్లినవారి ప్రక్కనుండి పోవునపుడు అడుగు మెల్లగా వేయును. ఆ మోకరిల్లినవారిని మోహనదాసు చూచెను. వీరు చేయునది మూఢవిశ్వాసము కానేరదని ఆయనకు తోచినది. వారు పూజించునది పాలరాతిని కాదు, ఆ రాయి ఎవరికి గుర్తయి నిలిచినదో ఆ దివ్యత్వమును. ఆ పూజ వలన భగవంతుని మహిమ తరుగుట లేదు, పెరుగుచున్నది. నాడు కలిగిన ఈ భావము తరువాత తనలో పెరుగుచునే వచ్చినదని ఆయన వ్రాసినాడు.

రాజకోట వీధిమలుపులో హిందువులు రాతిని మ్రొక్కుదురని పరిహసించిన మతమునకు చెందిన ఆలయములోనే, రాతి ఎదుట మ్రొక్కువారు రాతిని మ్రొక్కరని ఒక హిందూ యువకునికి తెలిసినది! హవేలీలో అన్ని సంవత్సరములు తిరిగినను తెలియని విషయమిది. పండితులకిది క్రొత్త కాదు. శంకర భగవత్పాదులు ఉపాసనను వివరించునపుడు పలుమారులు సాలగ్రామమునే ఉదాహరింతురు: శిలయందు విష్ణుబుద్ధి చేయుదురు గాని విష్ణువునందు శిలాబుద్ధి చేయరు. శ్రీవైష్ణవాచార్యులు అర్చారూపమును భగవంతుని అవతారములలో సులభతమమైనదిగా చెప్పుదురు. వైకుంఠమున నున్నవాడే మన నీళ్లకు, మన తులసికి, మన వేళలకు లోబడి నిలిచినాడని వారి మాట. పాఠశాలలో ఈ వాక్యములను వల్లించుట తేలిక. మోకాళ్లపై నున్న అపరిచితుని ముఖమున వానిని చదువుట వేరు.

ఇంతకును ఆ యువకుడు అచ్చట మొదట చూచినదేమి? విగ్రహమును కాదు, విగ్రహము ఎదుట నున్న మనుష్యులను. పరమతస్థుడైన బాటసారికి ఆ మూర్తి కథ తెలియదు, మంత్రము తెలియదు, భాష తెలియదు. వానికి కనబడునది భక్తుల నడక, వారి మౌనము, వారి వంగిన వీపు. వారిని చూచి వారి స్వామిని ఊహించును. మన ఆలయములలోను ద్వారపాలకులకు, ధ్వజస్తంభమునకు, గరుత్మంతునకు నమస్కరించిన పిదపనే స్వామి సన్నిధికి పోవుట ఆచారము. సేవకులను దాటి స్వామిని చేరు మార్గము లేదు. తన గడప త్రొక్కినవాడు ఏ దేశమువాడని, ఏ మతమువాడని ఆ పారిస్ ఆలయమున ఎవరైన అడిగినట్లు ఆయన వ్రాయలేదు.

లండనులో ఆయన మరికొన్ని మందిరములకు పోయెను. గురువారము మధ్యాహ్నములందు జోసెఫ్ పార్కర్ అను ప్రసిద్ధ ఉపదేశకుని ప్రసంగములు వినుటకు సిటీ టెంపుల్ అను చర్చికి పోయెడివాడని ఆయన జీవితచరిత్రకారులు చెప్పుదురు. అచ్చట విగ్రహము లేదు, వాక్కే ప్రధానము. 1891 జనవరి చివర చనిపోయిన నాస్తికనాయకుడు చార్లెస్ బ్రాడ్లా అంత్యక్రియలకును లండనులోని తక్కిన భారతీయులవలె ఆయన పోయెను. తిరిగి వచ్చునపుడు రైల్వే స్టేషనులో ఒక నాస్తికుడు ఒక క్రైస్తవ పురోహితుని పట్టుకొని, మీ దేవుడు ఎంత పెద్దవాడు, ఎక్కడ నుండునని వేధించెను. వాడుండునది మన ఇద్దరి హృదయములలోనే అని ఆ పురోహితుడు వినయముగా పలికెను. అది విన్న పిదప తనకు నాస్తికత్వముపై విముఖత మరింత పెరిగినదని గాంధీ వ్రాసినాడు. వాదమున గెలిచినది ఎవరో ఆయన చెప్పలేదు. వినయము ఎవరిదో మాత్రము మరువలేదు.

ఇక ఆయనకు కలిగిన గొప్ప లజ్జను చెప్పవలెను. ఇంగ్లండు చేరిన రెండవ సంవత్సరము చివర దివ్యజ్ఞాన సమాజమునకు చెందిన ఇద్దరు సోదరులు ఆయనను కలిసికొని, తాము భగవద్గీతను ఎడ్విన్ ఆర్నాల్డ్ చేసిన ఆంగ్లానువాదమున చదువుచున్నామనియు, మూలమును తమతో కలిసి చదువుమనియు కోరిరి. ఆర్నాల్డ్ అనువాదము 1885లో వెలువడినది. మోహనదాసు అప్పటికి గీతను సంస్కృతమున గాని గుజరాతీలో గాని చదివియుండలేదు! పరదేశీయులు వచ్చి నీ గ్రంథమును మాకు చెప్పుమనగా, చదువలేదని చెప్పవలసి వచ్చెను. తన సంస్కృతజ్ఞానము కొద్దిపాటిదైనను అనువాదము ఎచ్చట తప్పినదో చెప్పగలిగినంతవరకు చెప్పెదనని ఒప్పుకొని, వారితో కలిసి కూర్చుండెను. విషయములను ధ్యానించు మనుష్యుడు క్రమముగా ఎట్లు నశించునో చెప్పు రెండవ అధ్యాయపు చివరి శ్లోకములు ఆయన చెవులలో మారుమ్రోగుచుండెను. ఆ 'కొద్దిపాటి సంస్కృతము' పాండ్యా పంతులుగారు వెనుకకు పిలిచినందువలన మిగిలినదే.

నేడు పరదేశమున మన పిల్లవానిని తోటి విద్యార్థి మీ గుడిలో ఆ రాతివిగ్రహమేమి, ఆ దీపమేమి అని అడిగినచో ఏమి చెప్పగలడు? తాతగారు భయపడవలసినది మనుమడు చర్చిలో చేతులు జోడించినందులకు కాదు, ఈ ప్రశ్నకు వాడు తెల్లముఖము వేయునేమో అని. మద్యమాంసములను ముట్టని ఒక క్రైస్తవ సజ్జనుడు శాకాహారుల బసలో పరిచయమై బైబిలు చదువుమనగా గాంధీ చదివెను. పాతనిబంధనలో కొన్ని భాగములు నిద్ర తెప్పించినవి. కొండమీది ప్రసంగము నేరుగా హృదయమున నాటుకొన్నది. గీతతో దానిని పోల్చి చూచుకొనెను. కార్లైల్ గ్రంథమున మహమ్మదు ప్రవక్తను గూర్చిన ప్రకరణమును చదివెను. ఇన్ని గడపలు త్రొక్కినను తల్లి యెదుట చేసిన ప్రతిజ్ఞ చెదరలేదు, మతము మారలేదు. 1931 డిసెంబరులో రోము నగరమున సిస్టీన్ ఆలయములో సిలువపై నున్న క్రీస్తు మూర్తిని చూచినపుడు ఆయనకు కన్నీరు వచ్చినది. అప్పటికి ఆయన వయస్సు అరువది రెండు. హిందువుగానే కంట తడిపెట్టెను. పరధర్మము భయావహమనుటకు పరుల దేవుని ఎదుట తలవంచుట తప్పనునది అర్థము కాదు. తన ధర్మమును చేతినుండి జారవిడిచి పరధర్మమును పట్టుకొనబోవుటలోనే ఆ భయము.

1891 జూన్‌లో బారిష్టరై తిరిగి వచ్చెను. బొంబాయి రేవులో దిగిన పిదప అన్న చెప్పెను, తల్లి చనిపోయినదని. పరదేశమున తమ్ముడు కుమిలిపోవునని ఆ వార్తను వారు దాచియుంచిరి. మాట నిలుపుకొని వచ్చితినని ఎవరికి చెప్పవలెనో ఆమె లేదు.

పదునొకండు సంవత్సరములకు, 1902లో, కలకత్తానుండి మూడవ తరగతి బండిలో పోవుచు ఆయన కాశిలో దిగి గంగాస్నానము చేసి, విశ్వేశ్వరుని దర్శనమునకు పోయెను. ఇరుకైన జారుడు సందు, ఈగల గుంపులు, అంగళ్లవారి అరపులు, గడపవద్దనే క్రుళ్లిన పూల దుర్గంధము. చక్కని పాలరాతి నేలను పగులగొట్టి ఎవరో భక్తుడు రూపాయి నాణెములు పొదిగించినాడు. ఆ సందులలో మురికి పేరుకొన్నది. జ్ఞానవాపి వద్ద దక్షిణ వేయుటకు మనసొప్పక ఒక దమ్మిడీ ఇచ్చినాడు. పండా మండిపడి, ఈ అవమానమునకు నరకమున పడెదవని శపించెను. నా గతి ఏమైన కానిమ్ము, నీవంటివాడు అట్లు పలుకుట తగదు, కావలెనన్న తీసికొనుమనగా, అక్కరలేదని తిట్టి, దమ్మిడీతో గాంధీ మరలిపోవుచుండగా మరల పిలిచి, సరే, ఇచ్చటనే పెట్టుము, నేను కూడ నీవలె ప్రవర్తించినచో నీకే కీడని పుచ్చుకొనెను. నవ్వు వచ్చు ఘట్టమే. కాని భగవంతుని వెదకితిని, కానరాలేదని ఆ సందర్భముననే ఆయన వ్రాసినది చదివినపుడు నవ్వు నిలువదు.

ఆ ఇరుకు సందులు నేడు లేవు. 2021 డిసెంబరు 13న గంగ వరకు విశాలమైన ప్రాంగణము తెరువబడినది. విశ్వేశ్వరుడు నాడును ఉన్నాడు, నేడును ఉన్నాడు. పారిస్‌లో పరమతస్థుల మౌనము ఎవని మనస్సును తెరచినదో, వానికి కాశిలో స్వమతస్థుల సందడి అడ్డము నిలిచినది. ఇది తీర్థముపై నేరము కాదు. దాటించునది తీర్థము, రేవున నిలిచినవారు త్రోవ ఇవ్వవలెను గదా. తరువాత మరి రెండు మారులు ఆయన విశ్వేశ్వరుని ఆలయమునకు పోయినను, అప్పటికి మహాత్ముడను పేరు వచ్చియున్నందున ఆయన దర్శనమునకై జనులు త్రోసికొనివచ్చిరి. ఆయనకు స్వామి దర్శనము కానీయలేదు.

హరిజనులకు తెరువని ఆలయములకు తానును పోనని ఆయన పట్టుపట్టుట అందరు ఎరిగినదే. 1938లో పూరీకి పోయినపుడు కస్తూరిబాయి జగన్నాథాలయమున ప్రవేశించినదని తెలిసి బాధపడినాడు. ఆ ద్వారము అప్పటికి అందరికి తెరచియుండలేదు. అంతకు ముందు 1936 నవంబరు 12న తిరువాన్కూరు మహారాజు తన సంస్థానపు ఆలయములను హిందువులందరికి తెరచుచు శాసనము చేయగా, 1937 జనవరిలో గాంధీ తిరువనంతపురము పోయి, అనంతపద్మనాభస్వామి ఆలయమున అడుగుపెట్టెను. శేషశయనుడైన ఆ స్వామిని మూడు ద్వారములనుండి దర్శింపవలెను: ఒక ద్వారమున శిరస్సు, ఒక ద్వారమున నాభి, ఒక ద్వారమున పాదములు. అప్పటికి రెండు నెలలుగా, తాతలనాటినుండి గోపురమును దూరమునుండియే చూచి మ్రొక్కిన ఇండ్లవారు ఆ మూడు ద్వారముల ఎదుట వరుసగా నిలిచి, ఒక్కొక్క ద్వారము వద్దను ఆగి, స్వామిని దర్శించుకొనుచుండిరి.